తప్పు ఫ్యానుది కాదు

పెద్దాయన ముప్పై నాలుగేళ్లు లారీ నడిపాడు. ఊపిరితిత్తులు పాడయ్యాక లారీ పోయింది, ముక్కుకు గొట్టం వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను హాల్లో రోజంతా గురగురమంటూ ఉంటుంది. కొడుకు కొనిచ్చిన గేమ్ బాక్సులో లారీ ఆట ఒకటుంది. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని ఆయన టీవీలో కొండదారులెక్కుతూ, ఎదురొచ్చిన బండ్లను నోరారా తిడుతూ పొద్దుపుచ్చుతాడు.

కోడలు పక్కగదిలో బట్టలు కుడుతుంది. కుట్టుమిషను మొరాయిస్తే తనే విప్పి బాగుచేసుకునే మనిషి. అందుకే ఆ మధ్యాహ్నం ఆయన ఆమెను పిలిచాడు.

"అమ్మాయ్, ఓసారి ఇలా రా. బండి హీటెక్కింది."

వేడి ఎక్కువైంది, ఆపేయమని టీవీ తెర మీద హెచ్చరిక. చెక్క అలమరలో ఉన్న బాక్సు లోపల ఫ్యాను ఈల వేసినట్టు అరుస్తోంది.

"మూడు రోజుల్నుంచీ ఇదే గోల. చెబితే ఆట మాన్పించేస్తావని చెప్పలేదు."

"చెప్పుంటే మాన్పించేదాన్నే మామయ్యా."

బాక్సు ఆపి, తీగలు పీకి, తన బల్ల మీదికి తెచ్చి విప్పింది. ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. రెక్క తిరగకుండా పెన్సిలు అడ్డుపెట్టి, కుట్టుమిషను బ్రష్షుతో మొత్తం దులిపింది. మళ్లీ బిగించి, ఈసారి అలమరలో కాకుండా గాలి తగిలేలా స్టూలు మీద పెట్టి, తీగలు తగిలించి ఆన్ చేసింది. ఫ్యాను గప్‌చుప్‌.

"నువ్వు ముందే దొరికుంటే నా లారీ ఇంకో పదేళ్లు నడిచేది" అన్నాడాయన మురిసిపోతూ.

ఆమె నవ్వబోయి ఆగింది. ఏదో కాలుతున్న వాసన. బాక్సు మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉందంతే. అలమర పక్కన గోడ మీద చెయ్యి పెట్టింది. చురుక్కుమంది.

వంగి అలమర వెనక్కి చూసింది. టీవీ, బాక్సు, ఆక్సిజన్ మిషను, మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. మిషను ప్లగ్గు గోధుమరంగుకు తిరిగింది. బోర్డు మూల కరిగి ఉబ్బింది. అందులోంచి సన్నటి పొగ. దానికి జానెడు ఎత్తులో ఆక్సిజన్ గొట్టం.

ఈ గొట్టం దగ్గర అగ్గిపుల్ల కూడా గీయొద్దని మిషను తెచ్చినవాడు పదిసార్లు చెప్పాడు. ఆమె ఆ పొగనే చూస్తూ ఉండిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదు మామయ్యా."

"నీ మొహం చూస్తే ఏం లేనట్టు లేదే!"

ఆ మాటతో కదిలింది. ఆయన ముక్కు నుంచి గొట్టం లాగేసింది. తలుపు దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ దించింది. ఇల్లంతా ఆగిపోయింది, ఆక్సిజన్ మిషను మాత్రం కరెంటు పోయిందని కీచుమని అరిచింది. కుర్చీని ఆయనతో సహా పడగ్గదిలోకి తోసింది. అత్యవసరానికి ఉంచిన సిలిండరు అక్కడే ఉంది.

సిలిండరుకు వేలాడుతున్న తాళంచెవితో వాల్వు తిప్పింది. రాలేదు. బలమంతా పెట్టింది. ఇంకా బిగుసుకుంది. వెనకాల ఆయన ఎగశ్వాస. పెదాలు నల్లబడుతున్నాయి.

"అయ్యో దేవుడా, రావడం లేదు మామయ్యా!"

ఆయనకు మాట రావడం లేదు. చెయ్యెత్తి, వేలితో ఎడమవైపు తిప్పి చూపించాడు. భయంలో ఆమె ఇంతసేపూ కుడికి తిప్పుతోంది. ఎడమకు తిప్పగానే సిలిండరు బుస్సుమంది. కొత్త గొట్టం ఆయన ముక్కుకు పెట్టి, ఎదురుగా నేల మీద కూలబడి, ఆ పెదాలకేసి చూస్తూ కూర్చుంది. రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు.

సాయంత్రం ఎలక్ట్రీషియను కరిగిన బోర్డును ఊడదీశాడు. "ఇంత కరెంటు లాగే మిషన్ని ఈ నాసిరకం బోర్డులో ఎవరు పెట్టారండీ? నేరుగా గోడకే ఉండాలి. దీని వేడికే మీ బాక్సు ఉడికిపోయింది. ఇంకో గంట గడిస్తే..." అని మిగతాది మింగేశాడు.

అతను వెళ్లాక కోడలు ఆయన ముందు నిలబడింది.

"నేనే మామయ్యా. ఇస్త్రీ పెట్టెకు గోడ ప్లగ్గు కావాలని నాలుగు రోజుల క్రితం మిషన్ని ఆ బోర్డులోకి మార్చాను."

ఆయన ముక్కు గొట్టం సర్దుకున్నాడు.

"ఒకసారి బ్రేకులు చూసుకోకుండా నలభైమంది కూలీలనెక్కించుకుని ఘాట్ రోడ్డు దిగాను" అన్నాడు. "ఎవరికీ ఏం కాలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు కూడా. కూర్చోవే, ఎంతసేపలా నిలబడతావు?"

ఆమె కూర్చుంది. ఆ వారమంతా మాత్రం ఇస్త్రీ పెట్టె ముట్టుకోలేదు. కుట్టిన బట్టలు ముడతలతోనే ఇచ్చి పంపింది.