రెండో హీరో నవ్వకూడదు

ఓక్ జేహాకి ముప్పై ఏడేళ్ళు. ఆరు సీరియళ్ళలో ఆరుగురు అమ్మాయిలు అతన్ని కాదన్నారు. ఒకమ్మాయి హాన్ నది ఒడ్డున కాదంది, ఒకమ్మాయి ఆస్పత్రి మెట్ల మీద కాదంది, ఒకమ్మాయైతే అతను పెళ్ళి సూటు వేసుకుని నిలబడ్డాక మరీ కాదంది. రెండో హీరో బతుకంతే. వానొస్తే గొడుగు పట్టాలి, చలేస్తే కోటు విప్పి కప్పాలి, జ్వరమొస్తే గంజి కాచి పెట్టాలి. చివరికి ఆ పిల్ల మొదటి హీరో వెంట పోతుంటే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని "సుఖంగా ఉండు" అనాలి. ఆ కన్నీళ్ళలో జేహాని కొట్టేవాడు సియోల్ మొత్తంలో లేడు.

ఇప్పుడు ఏడో సీరియల్ ఆఖరి వారానికొచ్చింది. ఈసారి సంగతి వేరు. జేహా వేస్తున్న కాంగ్‌జున్ పాత్రకే కథలో అమ్మాయి సోరిని ఇచ్చి తీరాలని సగం దేశం పట్టుబట్టి కూర్చుంది. ముగింపు ఇంకా రాయనేలేదు. దాంతో జేహాకి ఆశ పుట్టింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒకమ్మాయి తనని కావాలనాలి. ఉత్తుత్తిదే, కెమెరా ముందే, అయినా సరే. పైకి చెబితే నవ్వుతారు గానీ, "నువ్వు మంచివాడివే, కానీ" అని ఆరుసార్లు విన్న మనిషికి తనలో నిజంగానే ఏదో లోపముందేమోనని దిగులు పట్టుకుంటుంది. అతనికి అది పట్టుకుంది.

అదే సమయంలో సముద్రం ఒడ్డున ఉన్న సొంతూరు తోంగ్‌యోంగ్ నుంచి తల్లి ఫోను చేసింది.

"ఒరేయ్, ఈసారైనా పిల్ల దక్కుతుందా లేదా?"

"అది సీరియలే కదమ్మా."

"సీరియల్లోనే దిక్కులేదు, ఇక బయటేం ఊడిపడుతుంది? చేపల బజార్లో అందరూ నన్ను ఏడుపబ్బాయి వాళ్ళమ్మ అంటున్నారు. నెత్తళ్ళ వేపుడు పంపించాను. ఆ రాసే ఆవిడకి పట్టుకెళ్ళి పెట్టు. తిన్న నోరు కాదనలేదు."

ఆ డబ్బా పట్టుకుని జేహా సియోల్‌లోనే మాంగ్‌వన్ పేటలో రైటర్ రా మిగ్యోంగ్ రాసుకునే గదికి వెళ్ళాడు. మధ్యాహ్నం రెండయింది. ఆమె జుట్టులో రెండు పెన్సిళ్ళు గుచ్చుకుని, స్నానం ఊసు మరిచి, కాయితాల మధ్య కూర్చుని ఉంది. జేహా ఓడిపోయిన సీరియళ్ళలో రెండు ఆమె రాసినవే, ఇది మూడోది. ఓడిపోయినప్పుడల్లా అతను పోట్లాటకి వచ్చేవాడు, ఆమె కాఫీ పెట్టేది, పోట్లాట చీకటి పడేదాకా సాగేది. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఈ మధ్య ఓడిపోకపోయినా వస్తున్నాడు. దానికేం పేరు పెట్టాలో ఇద్దరూ ఆలోచించలేదు, లేదా ఆలోచించనట్టు నటించారు.

"ఈసారి నన్ను గెలిపించండి రైటర్ గారూ."

"గెలిస్తే రెండో హీరో ఎలా అవుతారండీ?" ఆమె డబ్బా మూత తీసి నాలుగు నెత్తళ్ళు నోట్లో వేసుకుంది. "అబ్బ, అమ్మగారి చెయ్యే చెయ్యి."

"మాట మార్చకండి. జనం కూడా నా వైపే ఉన్నారు. ఇంకేం అడ్డం?"

"సోరి మిమ్మల్ని ఒప్పుకునే సీను రాద్దామని పదకొండుసార్లు కూర్చున్నాను. రావటం లేదు."

"ఎందుకు రావటం లేదు?"

"నడుంనొప్పి."

"నడుంనొప్పికీ అమ్మాయి ఒప్పుకోవడానికీ ఏంటండీ సంబంధం?"

ఆమె తినడం ఆపి గోడకేసి చూసింది. "హీరోయిన్ యూనా గారి పక్కన మీరు నప్పరు. ముద్దు సీన్లో అసలు నప్పరు. ఊహించుకుని చూశాను."

"అంత అసహ్యంగా ఉన్నానా?"

"అసహ్యమని నేనన్నానా?"

ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి. వేపుడులో కారం ఎక్కువైందనుకున్నాడు జేహా. ప్రేమ సీరియళ్ళు ఏడు చేసినా కొందరి బుర్ర అంతే, ఏం చేస్తాం.

"ఎవరైనా నన్ను కావాలనుకుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనుకున్నానండీ," అన్నాడతను నెమ్మదిగా. "పోన్లెండి. మీకేది సరి అనిపిస్తే అదే రాయండి."

అతను లేచి, కాఫీ తాగిన కప్పు కడిగి బోర్లించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే చున్‌చన్ బస్ స్టేషన్లో షూటింగు. అప్పటికీ సీను చేతికి రాలేదు. డైరెక్టర్ బోంగ్ ఇలాంటివి చాలా చూసిన మనిషి. కాయితం వచ్చిన మరుక్షణం మైకు పట్టుకుని మాటలూ సూచనలూ అన్నీ కలిపి చదివేస్తాడు, నలభై మందికీ ఒకేసారి వినపడితే గంట కలిసొస్తుందని. పదింటికి ప్రింటరులోంచి పేజీ ఊడిపడింది. బోంగ్ దాన్ని కరెంటు బిల్లు చదివినట్టు చదవడం మొదలెట్టాడు.

"సోరి తలదించుకుని, 'నువ్వు మంచివాడివే, కానీ' అంటుంది."

ఏడో అమ్మాయి కూడా కాదంది.

"కాంగ్‌జున్ నవ్వబోయి, నవ్వలేక, కళ్ళనీళ్ళతో బస్సు వైపు నడుస్తాడు. జేహా వెనక్కి తిరిగి చూడడు. చూస్తే బాగుండును. జేహా ఎప్పుడూ అంతే, కప్పు కడిగి బోర్లించి మరీ వెళ్తాడు గానీ వెనక్కి మాత్రం చూడడు. ఇలాంటి మనిషిని కాదనడానికి ఈ పిల్లకి నోరెలా వచ్చిందో. నాకైతే రాదు. నాలుగేళ్ళుగా అవుననడానికీ నోరు రావటం లేదు, అది వేరే..."

బోంగ్ గొంతు అక్కడికి ఆగిపోయింది. స్టేషను మొత్తం జేహా వైపు తిరిగింది. టికెట్ల వరసలో నిలబడ్డ ఓ ముసలావిడ మాత్రం, "ఆపావేం నాయనా, తర్వాత ఏమైందో చదువు," అంది.

ఈలోగా బోంగ్ ఫోను మోగింది. మిగ్యోంగ్.

"ఆ పేజీ ఎవరికీ ఇవ్వకండి డైరెక్టర్ గారూ. నిద్రమత్తులో ఏదేదో రాసి పంపేశాను."

"ఇవ్వలేదండీ. చదివాను."

"మనసులోనేగా?"

"మైకులో."

అటు ఫోను నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత జేహా ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోను ఎత్తలేదు.

సోరి వేషం వేస్తున్న తాక్ యూనా అతని పక్కకి చేరింది. కెమెరా ముందు ప్రేమ, కెమెరా ఆగితే అన్నా, అదీ వాళ్ళ వరస.

"అన్నా, ఇప్పుడు నేను నిన్ను కాదనాలా? ఈ పరిస్థితిలో?"

"కాదను తల్లీ, పని పనే."

యూనా కాదంది. బ్రహ్మాండంగా కాదంది. జేహాకి ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. మళ్ళీ తీశారు, మళ్ళీ నవ్వొచ్చింది. కన్నీళ్ళ కోసం కళ్ళలో చుక్కల మందు వేశారు, చుక్కల మధ్యలోంచి నవ్వాడు. చచ్చిపోయిన తాతని తలుచుకోమన్నారు, తాత కూడా నవ్వుతూనే గుర్తొచ్చాడు. ఏడు టేకులయ్యాయి.

"ఏమయ్యా, పిల్ల వదిలేసి పోతుంటే ఆ ఇకిలింపేంటి?" బోంగ్ మైకు విసిరికొట్టబోయి ఆగాడు. "ఈ దేశంలో నీ అంత బాగా ఓడిపోయేవాడు లేడని తీసుకున్నానే నిన్ను."

నవ్వు ముఖం మీద ఉంది గానీ జేహాకి లోపల భయంగానే ఉంది. రాసేవాళ్ళు సవాలక్ష రాస్తారు. ఆమె వచ్చి "నిద్రమత్తండీ, మనసులో పెట్టుకోకండి" అంటే ఏం మిగులుతుంది? ఉత్తుత్తి ఓటమికైతే మళ్ళీ సీరియల్ ఉంటుంది. దీనికి ఉండదు.

బోంగ్ సియోల్‌లో ఉన్న ఓ మనిషిని ఆమె గదికి పంపి, "మీ హీరోని మీరే వచ్చి ఏడిపించుకోండి" అని కబురు చెప్పించాడు. రైలెక్కి, టోపీ కళ్ళ మీదకి లాక్కుని, తేలు కుట్టిన దొంగలా మిగ్యోంగ్ స్టేషన్లోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంట దాటింది. ఆమెని చూడగానే నలభై మందికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చాయి. అన్నీ మాట వినపడేంత దూరంలోనే.

జేహా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు నవ్వు లేదు.

"పొరపాటేనా రైటర్ గారూ?"

"పొరపాటే," అందామె నేలకేసి చూస్తూ.

జేహా ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడగానే కెమెరామన్ చెయ్యి దానంతటదే మీట మీదకి పోయింది. బోంగ్ ఆ చేతి మీద ఒక్కటి వేశాడు.

"పేరు పొరపాటు," మిగ్యోంగ్ తలెత్తింది. "కాంగ్‌జున్ అని ఉండాలి. మిగతాదంతా సరిగ్గానే రాశాను."

యూనా అక్కడున్న పెట్టె మీద చతికిలబడింది. మిగ్యోంగ్ బోంగ్ చేతిలోంచి పేజీ లాక్కుని, 'నవ్వలేక, కళ్ళనీళ్ళతో' అన్న మాటలు కొట్టేసి, 'నవ్వుతూ' అని దిద్దింది.

"ఎందుకు నవ్వుతున్నాడని జనం అడిగితే?" అన్నాడు బోంగ్.

"వాళ్ళకి తోచింది వాళ్ళు అనుకుంటారు. ఏడవడం కూడా ఈసారి వాళ్ళనే ఏడవమనండి. ఈయన ఏడ్చింది చాలు."

"అంటే నేను మళ్ళీ ఓడిపోయి బస్సెక్కి పోవాలి, అంతేగా?" అన్నాడు జేహా. ఆశపడ్డానికి ఇంకా ధైర్యం చాలడం లేదు పాపం.

"పోయేది కాంగ్‌జున్. మలుపు తిరగ్గానే బస్సు ఆపమని వస్తూనే డ్రైవరుకి చెప్పాను." ఆమె కళ్ళ మీది టోపీ పైకి నెట్టింది. "నువ్వు దిగు."

నాలుగేళ్ళుగా గారూ, అండీ తప్ప నోట రాని మనిషి. ఆ 'నువ్వు' విన్నాక జేహాకి ఇంకే సందేహమూ మిగల్లేదు. ఎనిమిదో టేకు ఒక్క దెబ్బకి అయిపోయింది. కాంగ్‌జున్ నవ్వుతూ బస్సెక్కాడు, బస్సు స్టేషను దాటి మలుపు తిరిగి ఓ కూరగాయల కొట్టు ముందు ఆగింది. జేహా దిగాడు.

రోడ్డు ఆ చివరనుంచి మిగ్యోంగ్ వస్తోంది. టోపీ ఎక్కడో పడిపోయింది, జుట్టులో పెన్సిలు ఒకటి వేలాడుతోంది, నడకా పరుగూ కానట్టు వస్తోంది. ఇన్నేళ్ళూ జేహా పోయేవాళ్ళ వీపులే చూశాడు. తన కోసం నడిచొచ్చే మనిషిని ముఖాముఖి చూడటం ఇదే మొదలు. ఎదురెళ్ళాలని కూడా తోచక అక్కడే నిలబడిపోయాడు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు?" దూరం నుంచే కేకేసింది రొప్పుతూ. "రెండడుగులు ఎదురొస్తే అరిగిపోతావా?"

"రాను," అన్నాడు జేహా. "నువ్వే రా. చూస్తాను."