చెల్లెలి నడినెత్తి

అన్నంలో వెంట్రుక వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అందరూ నా తల వైపే చూస్తారు. ఆ వెంట్రుక తెల్లగా మెరుస్తున్నా సరే, మూరెడు పొడవున్నా సరే, అది నాదే. మొన్న ఒకటి వచ్చింది. మా అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, కిటికీ వెలుతురుకి పట్టి చూసి, కంచం అంచున పెట్టింది. "రాలినవాటిని ఏరుకోవడం కూడా రాకపోతే ఎట్లా అమ్మాయ్?" అంది. అది ఆవిడదే. నావి నల్లగా, పొట్టిగా, మొదలు దగ్గర చిన్న తెల్లటి బుడిపెతో ఊడతాయి. మూడేళ్ళుగా ఏరుతున్నదాన్ని, నాకు తెలియదా? అయినా "చూసుకుంటానత్తయ్యా" అని కంచం మార్చి మళ్ళీ వడ్డించాను. మా ఆయన తలెత్తకుండానే "ఏదైనా గుడ్డ చుట్టుకుని వండకూడదూ" అన్నాడు. చుట్టుకునే వండాను. ఆయన వంటగదిలోకి రాడు కాబట్టి ఆయనకు తెలియదు.

పొద్దున్న అందరికంటే ముందు నేను లేస్తాను. టీ పెట్టడానికని వాళ్ళనుకుంటారు. టీ తర్వాత సంగతి. ముందు దిండు మీదివి ఏరాలి. నీళ్ళగదిలో జాలీకి చిక్కుకున్నవి తీసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్ట అడుక్కి నెట్టాలి. దువ్వెన కడిగి బట్టల కింద దాచాలి. ఆ తర్వాత తలుపు గడియ పెట్టుకుని నడినెత్తి మీద నల్లపొడి చల్లుకుని, మిగిలిన జుట్టును చుట్టూ నుంచి లాగి ఆ పైన కప్పి, పిన్నులు గుచ్చాలి. ఈ పనంతా చెవులు తలుపు వైపు పెట్టుకునే చేస్తాను. నేరం చేసి ఆనవాళ్ళు చెరుపుకునేవాళ్ళు కూడా ఇలాగే చేస్తారేమో. తేడా ఏమిటంటే వాళ్ళకు తాము చేసిందేమిటో తెలిసి ఉంటుంది.

డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్ళాను, పదకొండు నెలల కింద, ఒక్కదాన్నే. ఆవిడ చిన్న లైటు పెట్టి చూసి, విడమరిచి చెప్పింది. ఇది మామూలుగా రాలడం కాదట. లోపల వాపు వచ్చి, వెంట్రుక మొలిచే కుదురే మాడిపోయి, అక్కడ మచ్చ పడుతుందట. పోయినచోట ఇక రాదట. "ఉన్నది కాపాడుకోవచ్చు. అదైనా ఆలస్యం చేయకపోతేనే. బియ్యపుగింజంత ముక్క తీసి పరీక్షకు పంపాలి, తోడు ఎవరినైనా తీసుకురండి. నెలకోసారి ఆ చోటు ఫోటో తీయించుకోండి. అంచు ఎర్రగా ఉందంటే జబ్బు ఇంకా నడుస్తోందన్నమాట." ఇంటికి వచ్చి చెప్పాను. "మా ఇంటా వంటా లేదు ఇలాంటిది" అంది అత్తగారు, జబ్బును పుట్టింటి సామానుతో పాటు నేనే మోసుకొచ్చినట్టు. మా ఆయన చాలాసేపు టీవీ చూసి, "జుట్టు కోసం తలకు కోత పెట్టించుకుంటావా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. ఆ నలుగురూ ఎవరో నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ కోసమే పదకొండు నెలలు ఆగాను.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. ఎటు తిరిగినా అద్దాలే, నెత్తి మీద వరసగా లైట్లు. మనిషి ముఖం చూడగానే ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పేస్తాను, ఆరేళ్ళ అలవాటు. ఒకరోజు ఒకాయనకు కళ్ళజోడు చెవి వెనక సరిచేద్దామని వంగాను. ఎదురుగా కూర్చున్న ఆయన కూతురు "నాన్నా, ఆంటీ తల మెరుస్తోంది" అంది. ఆ పిల్ల వెక్కిరించలేదు. ఆశ్చర్యపోయింది, అంతే. మర్నాడు ఓనరు పిలిచి, "నువ్వు లోపల అద్దాలు అరగదీసే మెషిను దగ్గర కూర్చోమ్మా. ఏసీ కూడా అక్కడే బాగుంటుంది" అన్నాడు. కౌంటర్లోకి నల్లటి వాలుజడ పిల్ల ఒకతె వచ్చింది. ఆ పిల్లకు పని నేర్పింది నేనే. ఇప్పటికీ ఎవరికీ ఏ ఫ్రేమూ నచ్చకపోతే నన్ను పిలుస్తారు. నేను వచ్చి, కుదిర్చి, మళ్ళీ లోపలికి పోతాను. జీతం తగ్గించలేదు కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు లేదనుకున్నాను.

ఆస్పత్రి గోడ మీద కాగితం చూసి రాసుకున్న నంబరుకు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాను, ఆ మెషిను గదిలోంచే. జుట్టు పోయి మచ్చపడిన ఆడవాళ్ళు కొందరు కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. నడిపేది ఒక లెక్కల టీచర్. "మీకా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

"కాదండీ, మా చెల్లికి" అన్నాను.

నాకు చెల్లెలు లేదు. ఉన్నది తమ్ముడొక్కడు, వాడి జుట్టు దువ్వెనకు లొంగదు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు గానీ, వచ్చాక ఎంత తేలికైందో తెలుసు. గ్రూపులో అందరూ చెల్లి గురించి అడిగేవాళ్ళు. మాడు మీద కారం పూసినట్టు మండుతోందంటోంది అని రాసేదాన్ని. ఫ్యాను కింద కూర్చోదు, గాలంటే భయం అని రాసేదాన్ని. నావన్నీ దానికిచ్చేశాను. పోనుపోను నాకు లేనివి కూడా ఇచ్చాను. చెల్లి గట్టిగా ఏడుస్తుంది. చెల్లి మొన్న వాళ్ళత్తగారికి ఎదురు చెప్పింది. ఆరోజు గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. సిటీ బస్సులో కండక్టరుగా చేసే ఆవిడ, మేమందరం కండక్టరక్క అంటాం, మాట రికార్డు చేసి పంపింది. "మీ చెల్లి భలే మనిషే! నాకు డ్యూటీ టోపీ ఉంది కాబట్టి బస్సులో నేను రాణిని. దిగి టోపీ తీశాకే కష్టం. ఇంటికెళ్ళి మా ఆయన ముందు కూడా అదే పెట్టుకు కూర్చుంటే, టిక్కెట్టు ఎక్కడికి కొట్టమంటావు అంటాడు. నవ్వొచ్చి తీసేస్తా." నేను మెషిను చప్పుడు చాటున నవ్వాను. తర్వాత ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భార్య బట్టతల ముందు జోకు వేసే భర్త కూడా ఉంటాడని నాకు తెలియదు.

టీచర్ ఫోటో అడిగింది. "నెలకొకటి ఉంటే పెరుగుతోందో లేదో కొలిచి చెప్తాను. అక్కవి ఉన్నావుగా, నువ్వే తీసి పంపు." నీళ్ళగదిలో నిలబడి, చెయ్యి నెత్తి మీదికి చాపి, చూడకుండానే తీసేదాన్ని. చెవి వచ్చేది. ట్యూబులైటు వచ్చేది. ఒకసారి ఫ్యాను రెక్క మాత్రమే వచ్చింది. ఉన్నవాటిలో మేలైనదాన్ని పంపితే, "చెల్లి చెవి బంగారంలా ఉంది, నెత్తి ఎక్కడ తల్లీ?" అని రాసింది కండక్టరక్క. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే.

అప్పుడు కండక్టరక్క నుంచి రికార్డు చేసిన మాట వచ్చింది. మెషిను ఆపి, ఫోను చెవికి ఆనించి విన్నాను. "ఏమనుకోకు గానీ, నువ్వేం అక్కవమ్మా? రెండు నిమిషాల పని. ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, పాయ తీసి, ఒక్క ఫోటో తీయలేవా? మండుతోందని నువ్వే చెప్తావు. డాక్టరు ఆలస్యం చేయొద్దందనీ నువ్వే చెప్తావు. మూడు నెలల్నుంచి ఫ్యాన్లు, లైట్లు పంపిస్తున్నావు. దాన్ని ముట్టుకోవాలంటే నీకు సిగ్గా? అసహ్యమా? అదేదో చెప్పు, నేనే వెళ్ళి తీస్తా."

జబ్బు నాదే, పట్టించుకోని అక్కనూ నేనే. ఆవిడ తిట్టిన తిట్టు రెండువైపులా తగిలింది. సిగ్గే. ముట్టుకోవాలంటే సిగ్గే. తల రుద్దుకునేటప్పుడు కూడా ఆ చోటికి రాగానే నా వేళ్ళు పక్కకు తప్పుకుంటాయి.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన్ని అడిగినవి నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. "ఏమండీ, డాక్టరు ఫోటో కావాలంది. ఒక్కసారి తీస్తారా?" ఆయన ఫోను తీసుకున్నాడు. నేను పిన్నులు తీసి, ఆయన ముందు కింద కూర్చుని, తల వంచాను. పెళ్ళయిన కొత్తలో ఇలా కూర్చుంటే ఆయన చెయ్యి దానంతటదే నా జుట్టులోకి వచ్చేది. ఇప్పుడు చెయ్యి రాలేదు. పాయ నన్నే తీసి పట్టుకోమన్నాడు. క్లిక్ అని వినిపించింది. చాలాసేపు చూస్తున్నాడని తెలుస్తోంది. ఏదో ఒకటి అంటాడని వంచిన తల అలాగే ఉంచాను.

"ఇలాంటివి ఫోన్లో ఉంచకు. పొరపాటున ఎవరికైనా వెళ్తుంది. తీసేశాను" అని ఫోను నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

నేనింకా చూడనేలేదు. డాక్టరు తర్వాత నా తల మీద ఏముందో చూసింది ఆయనొక్కడే, చెరిపేసింది కూడా ఆయనే. నేను కింద కూర్చునే పిన్నులు ఏరుకుని, ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు. ఆయన్ని ఇబ్బంది పెట్టాననిపించింది, అదీ నా బుద్ధి.

రెండు వారాలకు, ఆదివారం మధ్యాహ్నం, అందరం కలుద్దామంది టీచర్, వాళ్ళ స్కూల్లోనే. చెల్లికి జ్వరమని చెబుదామని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. గది గుమ్మంలో ఆగిపోయాను. లోపల తొమ్మిది మంది ఉన్నారు. కుర్చీలన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి, గది మధ్యంతా ఖాళీ. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు. మాలాంటివాళ్ళం వెనక గోడ లేకుండా కూర్చోలేం. నేను కూడా గోడ పక్కన ఖాళీ ఉన్న కుర్చీ కోసమే వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది. స్కార్ఫులు, టోపీలు, ఒకామెది విగ్గు. ఆ విగ్గు నా జుట్టుకంటే నిగనిగలాడుతోంది.

కండక్టరక్కను గొంతును బట్టి గుర్తుపట్టాను. నేననుకున్నంత లావుగా లేదు. "వచ్చావా! చెల్లేది? ఒక్కదానివే వచ్చావా? చూడండమ్మా ఈ అక్కని, మళ్ళీ దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చింది!"

జ్వరం అన్న మాట నాలుక మీదే ఉంది. అంటే సరిపోయేది. టీచర్ మాత్రలు కూడా చెప్పేది. ఆ లేని పిల్లకు ఇన్నాళ్ళూ అందరి ప్రేమా ఇప్పించాను, దాని తలను మాత్రం ఎవరినీ చూడనివ్వలేదు. మా ఇంట్లోవాళ్ళు నాకు చేసిందే నేను దానికి చేశాను. గోడ దగ్గర్నుంచి ఒక కుర్చీ లాక్కొచ్చి గది మధ్యలో వేసుకున్నాను. వెనక ఏమీ లేదు. వీపంతా చలిగా అనిపించింది. పిన్నులు ఒక్కొక్కటే తీశాను. పదకొండు పిన్నులు. తల వంచి, నేలకేసి చూస్తూ, "చెల్లి లేదక్కా. నేనే" అన్నాను.

కండక్టరక్క చెప్పులు నా ముందుకొచ్చి ఆగాయి.

"అయితే ఈ మూడు నెలలూ నేను తిట్టింది..."

"నన్నే."

"తక్కువ తిట్టాను" అంది. ఎవరో నవ్వారు. విగ్గు పెట్టుకున్నామె, "నేను మొదట మా ఆడపడుచుకి అని చెప్పాను. ఆవిడంటే నాకు పడదులే" అంది. ఈసారి అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, సిగ్గుతో చెవులు మండుతున్నాయి. అంతలో రెండు చేతులు నా తల మీద పడ్డాయి. టిక్కెట్లు చించి చించి గరుకెక్కిన వేళ్ళు. అవి ఆ చోటికి వచ్చి పక్కకు తప్పుకోలేదు. అక్కడే ఆగి, మెల్లగా చుట్టూ తడిమాయి. డాక్టరును వదిలేస్తే, మూడేళ్ళలో నా తలను మనిషి చెయ్యి ముట్టడం అదే మొదలు.

టీచర్ స్కేలు పెట్టి పట్టుకుంది, అక్క ఫోటో తీసింది. నేను చూశాను. ఊహించినదానికంటే పెద్దది. నున్నగా, తెల్లగా, గుడ్డు పెంకులా ఉంది. దాని అంచు చుట్టూ, మిగిలిన వెంట్రుకల మొదళ్ళలో, ఎర్రటి గీత. "నాలుగు సెంటీమీటర్లు. ఇంకా ఎర్రగా ఉంది. అంటే ఇంకా తింటోంది. ఇక ఆగకూడదు" అంది టీచర్, బోర్డు మీద లెక్క చెప్పినట్టు. పదకొండు నెలల కింద ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు. కొలిచినవాళ్ళు లేరు.

"మంగళవారం నాకు ఆఫ్. ఆస్పత్రికి నేనొస్తా. ఇంట్లో ఏం చెప్తావు?" అంది అక్క.

అబద్ధాలు మూడు సిద్ధంగా ఉన్నాయి, మూడూ బాగున్నాయి. ఒక్కటీ పైకి చెప్పలేదు.

ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే నిలబడ్డాను. లోపలికి, వంటగదిలోకి వెళ్ళిపోతే ఇక చెప్పలేనని నాకు తెలుసు. ధైర్యం వచ్చాక చెబుదామనుకుంటే ఈ జన్మకు కాదు. సిగ్గుపడుతూనే చెప్పాను. "మంగళవారం ఆస్పత్రికి వెళ్తున్నాను. ముక్క తీస్తారు. కుట్లు పడతాయి."

అత్తగారు మా ఆయన వైపు చూసింది. "నేను రాలేను, ఇప్పుడే చెప్తున్నా" అన్నాడు ఆయన.

"రానక్కర్లేదండీ. తోడు దొరికింది. బస్సు కండక్టరు ఒకావిడ."

"ఎవరో పరాయి మనిషికి నీ తల చూపించావా?"

"చూపించాను. ఆవిడ చేత్తో పట్టుకుని చూసింది. ఫోటో తీసి నాకిచ్చింది."

నా గొంతులో కోపం లేదు, ఉన్నది చెప్పానంతే. ఆయన కళ్ళు నా మీద నిలవక నేల మీదికి దిగాయి, చెవులు ఎర్రబడ్డాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు సర్దుకున్నాయి. ఆ ముఖం నాకు బాగా తెలిసిందే అనిపించింది. ఎక్కడ చూశానో గుర్తు రావడానికి ఒక్క క్షణం పట్టింది. మూడేళ్ళుగా ప్రతి పొద్దునా, గడియ పెట్టుకుని, అద్దంలో నేను చూస్తున్నది ఆ ముఖాన్నే.