తలుపు దిక్కు నాలుగడుగులు

మాస్కు ముక్కు మీదికి రాగానే పింకీ తల పక్కకు తిప్పేస్తుంది. తిప్పకముందే పట్టుకోవాలి. స్వరూప ఎడమచేత్తో కూతురి గడ్డం పట్టి, కుడిచేత్తో మాస్కు అదిమి, నోటికొచ్చిన పాటేదో పాడుతోంది. మిషన్ బుర్రుమంటోంది. మందు తెల్లటి ఆవిరై పిల్ల బుగ్గల మీదుగా పైకి పోతోంది. పుప్పాలగూడ పాత ఊళ్లోని ఆ ఒంటిగది ఇంట్లో రోజూ తెల్లవారేది ఈ చప్పుడుతోనే.

నాలుగు రోజులు బాగుందనుకునేలోపే పిల్లికూతలు మొదలవుతాయి. డొక్కలెగురుతాయి. దవాఖానకు పరుగు, మళ్లీ ఇల్లు. జబ్బు వచ్చిపోయిన ప్రతిసారీ పింకీ నేర్చుకున్నది కాస్తా మరిచిపోయేది. గోడ పట్టుకుని నిలబడ్డ పిల్ల మళ్లీ పాకుడుకు దిగేది. స్వరూప మళ్లీ తీసుకెళ్లి గోడకు నిలబెట్టేది. ఏడాదిన్నర నిండవస్తున్నా నడక రాలేదని వాడకట్టులో ఆడవాళ్లు చెవులు కొరుక్కుంటే, "నడుస్తది తియ్. తొందరేంది, ఆఫీసుకు పోయేదున్నదా?" అని వాళ్ల నోళ్లు మూయించేది.

లోపల మాత్రం తొందరే. పిల్ల బోర్లా పడింది తను డ్యూటీలో ఉండగా. మొదటిసారి కూర్చుంది దవాఖాన మంచం మీద, తను మందుల షాపు ముందు నిలబడి ఉన్నప్పుడు. మొదటి మాట విన్నది ఫోన్లో. మొదటి అడుగొక్కటైనా తన కళ్లముందు పడాలి. దేవుణ్ణి అంతకన్నా ఏమీ అడగడం లేదామె.

"పైలం అత్తా. దమ్మొస్తే ఫోన్ చెయ్యి," అంది స్వరూప, డ్యూటీకి గడప దాటుతూ.

"నాకే చెప్తున్నవా? నీ మొగన్ని పెంచింది నేనే," అంది కిష్టమ్మ. ఆ మొగుడు ఓంకార్ చీకటితోనే క్యాబ్ తీసుకుని వెళ్లిపోయాడు.

స్వరూప మాదాపూర్‌లోని ఒక అద్దాల మేడలో, కింది అంతస్తు డేకేర్‌లో ఆయా. పై అంతస్తుల్లో తల్లిదండ్రులు కంప్యూటర్ల ముందుంటే, కింద వాళ్ల పిల్లలు ఈమె ఒళ్లో ఉంటారు. అక్కడొక కట్టుబాటుంది. మొదటి అడుగు ఏ బిడ్డదైనా సరే, డేకేర్‌లో పడదు. పడినా పడనట్టే. "మనం చూశామని తెలిస్తే ఆ తల్లి ఎప్పటికీ బాధపడుతుంది. అది వాళ్లింట్లో జరగాలి," అని డేకేర్ నడిపే కృష్ణప్రియ మేడం, స్వరూప పనిలో చేరిన రోజే చెప్పింది. అలా స్వరూప ఎంతమంది అడుగుల్ని మింగేసిందో ఆమెకే తెలియదు. చప్పట్లు కొట్టాలని చేతులు దురదపెట్టేవి. కొంగులో దాచుకునేది.

ఆ మధ్యాహ్నం వర్షిత వంతు. నిద్రలేచి బొమ్మల అల్మారా పట్టుకుని నిలబడ్డ పిల్ల ఉన్నట్టుండి దాన్ని వదిలేసింది. రెండు చేతులూ పైకెత్తింది. పొట్ట ముందు, కాళ్లు వెనక. ఒక పాదం లేపి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచి, తప్పున వేసింది. ఇంకొకటి. ఇంకొకటి. వచ్చి స్వరూప మోకాళ్ల మీద పడింది. స్వరూప దాని నడినెత్తిన ముద్దుపెట్టుకుని, కింద కూర్చోబెట్టి, "మనమేం చూడలే. సరేనా?" అని చెవిలో చెప్పింది.

సాయంత్రం టీ వేళకు వర్షిత తల్లి భానుశ్రీ, మెడలో ఐడీ కార్డు ఊగుతుండగా కిందికి వచ్చింది. "స్వరూపగారూ, ఇవాళేమైనా చేసిందాండీ మా అమ్మాయి?"

"అడుగేసేటట్టే ఉన్నది మేడం. ఈ రెండు దినాలు ఫోన్ చేతిల పట్టుకొని కూసోండి."

"నిజంగానా! అయితే ఇవాళ వాళ్ల నాన్నని కూడా పెందలాడే వచ్చెయ్యమంటానండీ!" ఆ మొహం చూడాలి, వెలిగిపోయింది. స్వరూపకు సంతోషమే అయింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

అంతలో చీర మీది కోటు జేబులో ఫోన్ వణికింది. అత్త.

"దమ్మొచ్చింది బిడ్డా. ఆటోల ఉన్నం. నువ్వు సీదా దవాఖానకే రా."

స్వరూప వెళ్లేసరికి పింకీ మాస్కు కింద ఎగశ్వాస తీస్తోంది. గొంతు గుంట లోపలికి పోతూ వస్తూ ఉంది. కూతుర్ని ఒళ్లోకి తీసుకుని మాస్కు తనే పట్టుకుంది. చాలాసేపటికి డొక్కలు నెమ్మదించాయి. డాక్టరు గుండె, వీపు విని తల పైకెత్తాడు. "పొద్దున బాగానే ఉందంటున్నారు. ఇంట్లో పొగేమైనా పెట్టారా?"

కిష్టమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పిల్ల నడిచింది సార్. నాలుగడుగులేసింది. నా కన్నే తగుల్తదని జిష్టి తీసి, మిరపకాయలు పొయ్యిల ఏసిన. గంతే సార్."

ఆ ఘాటు ఒంటిగదిలో ఎటు పోతుంది? డాక్టరు మందలించాడు, కిష్టమ్మ తలూపింది. స్వరూప చెవికి మాత్రం మిరపకాయల మాట తర్వాత చేరింది. ముందు చేరింది నడిచిందన్న మాట. ఊళ్లోవాళ్ల పిల్లల అడుగుల్ని దాచి దాచి వాళ్ల తల్లులకు అప్పజెప్పింది తను. తన బిడ్డ అడుగుల్ని తనకు తెలియకుండా దాచాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కిష్టమ్మకు కృష్ణప్రియ మేడం ట్రైనింగ్ ఇవ్వలేదు మరి.

వరండాలోకి వచ్చాక కోపం కట్టలు తెంచుకుంది. "ఇగ మల్ల ఇంట్ల మిరపకాయ కాలిందో, సూడు!"

"కాల్చ. తప్పయింది బిడ్డా," అంది కిష్టమ్మ. కళ్లనీళ్లు తుడుచుకోలేదు.

చంకలో పింకీ తేలిగ్గా ఊపిరి తీస్తోంది. స్వరూప ఆ వీపు నిమిరింది. ఏడిస్తే ఏమొస్తుంది? పోయిన అడుగు వెనక్కి వస్తుందా?

"ఎట్ల నడిచింది?"

"ఎట్ల నడుస్తరు? కాళ్లతోని."

"చెప్పుడు కాదత్తా. నడిచి సూపెట్టు."

కిష్టమ్మ అటూ ఇటూ చూసింది. ట్రే పట్టుకుని వస్తున్న నర్సు ఆగింది. ఎవరున్నా ఇగ ఏం చేస్తుంది, కోడలు అడిగింది. చెప్పులు విడిచింది. చీర కాస్త ఎత్తి దోపుకుంది. గోడ పట్టుకుని నిలబడి, వదిలేసింది. రెండు చేతులూ పైకెత్తి, పొట్ట ముందుకు పెట్టి, అటూ ఇటూ ఊగింది.

స్వరూప తనకు తెలియకుండానే కింద గొంతుక్కూర్చుని, పిల్లను మోకాలికి ఆనించుకుని, ఖాళీ చెయ్యి ముందుకు చాపింది.

"నేను గట్లనే చాపిన," అంది కిష్టమ్మ ఊగుతూనే. "నా దిక్కు రాలె. పొద్దుగాల నువ్వు పోయిన తలుపు లేదా, గా దిక్కు పోయింది."

అని చాపిన చేతిని దాటేసి, నొప్పుల మోకాళ్లతో బయటి తలుపు వైపు ఒక అడుగు వేసింది. ఇంకొకటి. మూడోది వంకరపోయింది. నాలుగో అడుగుకు "అమ్మో" అంటూ చతికిలబడింది.

పింకీ దగ్గుతూనే పకపకా నవ్వింది. స్వరూప చప్పట్లు కొట్టింది. వరండా అంతా వినబడేట్టు, ఇన్నాళ్లవీ కలిపి కొట్టింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు.

"ఐతారం అడుగుల కుడుములు చేద్దాం. వాడకట్టంత పిలుద్దాం," అంది, అత్తను చెయ్యిపట్టి లేపుతూ.

"మల్ల దమ్మొస్తే?"

"తగ్గినంక చేద్దాం. చేసుడైతే పక్కా."

"కుడుములైతే ఆవిరే, పొగ రాదు తియ్," అంది కిష్టమ్మ.

చీకటి పడుతుండగా ఇంటికి పంపించేశారు. ఆటో మణికొండ మలుపు తిరిగాక గానీ స్వరూప అత్త కాళ్లు చూడలేదు. ఉత్త పాదాలు. వెనక్కి తిప్పమందామంటే పింకీ అప్పుడే నిద్రలోకి జారింది, ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది. "పోనియ్, పాతయే," అంది కిష్టమ్మ.

దవాఖాన వరండాలో గోడవారన ఆ నీలం హవాయి చెప్పులు, మడమల దగ్గర అరిగినవి, తలుపు దిక్కుకు తిరిగి అలాగే ఉండిపోయాయి.