కార్డులో వయసు

పెద్దమేస్త్రి గోడ మీద నీళ్లు చిలకరించి, సిమెంటు ముద్ద చిన్నది తీసి పైమూలన అంటించాడు. దాని మీద పెంకుముక్క అద్ది, తూకం గుండు వదిలి, అది ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. తర్వాత కింద ఇంకో ముద్ద పెట్టాడు. పూతకు ముందు గోడకు ఇలా గుర్తులు పెట్టడం అతని పని. గుర్తుల మధ్య పూత నింపి, పొడుగాటి బద్దతో లాగి సాపు చేయడం అల్లుడి పని. కింద ఇసుక, సిమెంటు మాలు కలిపి అందించేది కూతురు. చంటిపిల్ల పక్కగదిలో, కిటికీ చువ్వలకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

ఆ ఇంట్లో అదే ఆఖరి గది. ఇక వీధి చివర లేస్తున్న పెద్ద భవనానికి బయటి పూత, సబ్ కాంట్రాక్టు. అంత పని వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు. సాయంత్రం సైటు ఇంజినీరు సంతకానికి వస్తాడు.

అన్నాలయ్యాక అల్లుడు కాగితాలు తెచ్చి భార్య ముందు పెట్టాడు. సంతకానికి ముందు కాగితమంతా పైకి చదవాలి, వినేవాళ్లు మధ్యలో లేవకూడదు. అది పెద్దమేస్త్రి పెట్టిన కట్టుబాటు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి వినకుండా వేలిముద్ర వేసి, కాగితంలో అలా రాసుందని గాలికి కూలిన పరంజాను ఒంటిచేత్తో మళ్లీ కట్టుకున్నాడు.

"కర్రలు, బల్లలు వాళ్లవేనంట. కట్టేది, విప్పేది మనం," కూతురు చదువుతూ చెప్పింది.

"బల్ల విరిగితే?" అన్నాడు అల్లుడు.

"రాయలేదు."

"రాయించాలి. పక్కన గీత పెట్టు."

"ఏడాదిలోపు పగుళ్లు తేలితే మనమే పూయాలి."

"పూత పగిలితే పూస్తాం," అన్నాడు పెద్దమేస్త్రి. "గోడే పగిలితే? కట్టినవాడి పాపం మన నెత్తినెందుకు? అక్కడా గీత పెట్టమ్మా."

ఆమె పేజీ తిప్పింది. గొంతు కాస్త తగ్గింది. "అరవై దాటినవాళ్లు పరంజా ఎక్కకూడదు. ఎక్కినట్టు తెలిస్తే పని మొత్తం రద్దు." ఆ వాక్యాన్నే మళ్లీ చదివింది.

"మామకి అరవై ఎక్కడివే?" అన్నాడు అల్లుడు.

"పని కార్డులో ఎప్పుడో దాటాయి," అంది ఆమె.

పనిలో చేరిన నాటికి పెద్దమేస్త్రికి గొంతు కూడా మారలేదు. పద్దెనిమిది నిండనివాళ్లను పేరు రాసుకోరని, ఆనాటి మేస్త్రి దారిలోనే నేర్పాడు: "పద్దెనిమిదని చెప్పు. మీసమేదిరా అంటే పొద్దున్నే గీయించానని చెప్పు." గుమాస్తా నవ్వి రాసుకున్నాడు. అప్పుడు ఎక్కువ చెప్పిన అయిదేళ్లు ఒక కార్డులోంచి ఇంకో కార్డులోకి దిగుతూ వచ్చాయి. ఇసుక జల్లించాడు, ఇటుకలు మోశాడు, తాపీ పట్టాడు, గుర్తులు పెట్టే దాకా వచ్చాడు. భార్య పోయాక కూతుర్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చుకున్నాడు. ఆ పిల్ల బడి అక్కడితో ఆగింది.

"అయితే పుట్టకముందే అయిదేళ్లు బతికేశావన్నమాట మామా," అన్నాడు అల్లుడు.

"అందుకేరా ఈ నడుం నొప్పి."

అల్లుడు బయటికి వెళ్లి ఇంజినీరుతో ఫోనులో మాట్లాడి వచ్చాడు. మొహం తేటపడింది. "మనం గీత పెట్టినవి రాస్తానన్నాడు. వయసు డాక్టరుతో రాయించి తెస్తే చాలంట. రేపే వెళ్లొద్దాం. నువ్వు లేకుండా గుర్తులెవరు పెడతారు?"

కూతురు మడిచిన కాగితాల్నే మళ్లీ మడుస్తోంది.

"నువ్వేమంటావమ్మా?"

"నాకేం తెలుసు." కాగితాలు పక్కన పెట్టింది. "ఆమధ్య ఒకరోజు పైబల్ల మీద తల పట్టుకుని కూర్చున్నావు నాన్నా. పిల్లకి పాలిస్తూ చూశాను. అప్పట్నుంచి చేతులు మాలులో ఉంటాయి, కళ్లు నీ కాళ్ల మీద ఉంటాయి. నీళ్లెక్కువై ఎన్ని గమేళాల మాలు పాడుచేశానో నీకు తెలీదు."

"ఆ రోజు ఎండ."

"ఎండే. నేనేం కాదన్లేదుగా."

ఎవరూ చూడలేదనుకున్నాడు అతను.

మధ్యాహ్నం మిగిలిన గోడ దగ్గర గుండు అల్లుడి చేతికిచ్చాడు. "పై గుర్తు నువ్వు పెట్టు."

అల్లుడు ఎక్కాడు. మొదటి ముద్ద జారింది. "తడి చాల్లేదు, గోడ తాగేసింది," అన్నాడు పెద్దమేస్త్రి కింద నుంచి. రెండోది నిలిచింది. బల్ల చివర్న అల్లుడి మడమ సగం గాలిలో ఉంది. పెద్దమేస్త్రి గుర్తు సంగతి మరిచి ఆ మడమనే చూస్తూ ఉండిపోయాడు. కింద నిలబడటం ఇంత కష్టమని అతనికి తెలియదు.

పొద్దు వాలాక ఇంజినీరు వచ్చాడు. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో పసుపు రంగు సైటు టోపీల సంచి. మనిషికొకటి చొప్పున, ముందే చెప్పిన లెక్కకు తెచ్చాడు. కూతురు కొత్తగా చేర్చిన వాక్యాలు వేలు పెట్టి చదువుకుని తలూపింది.

"పెద్దాయనా, మీ సర్టిఫికెట్ రేపిస్తారని రాసుకోనా?"

"అక్కర్లేదు బాబూ. కార్డులో ఉన్నదే నా వయసు."

"మామా..." అన్నాడు అల్లుడు.

"సంతకం పెట్టరా. ఆయన్ని ఎంతసేపు నిలబెడతావు?"

అల్లుడు మామ మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. గోడకే కాగితం ఆనించి సంతకం పెట్టాడు.

"కింద ఇసుక జల్లించే పనుంది, కూర్చుని చేసుకోవచ్చు," అన్నాడు ఇంజినీరు.

"అది చిన్నప్పుడే అయిపోయింది బాబూ." పెద్దమేస్త్రి చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, ఉయ్యాల్లోంచి పిల్లను తీసి భుజాన వేసుకున్నాడు. "ఇకనుంచి మేమిద్దరం ఇంటి దగ్గర. దీనికీ పరంజా ఎక్కే వయసు లేదు."

"తల కింద చెయ్యి పెట్టు నాన్నా. రోడ్డు దాటేటప్పుడు ఆగి చూడు. పాలు కాస్త చల్లారాక పట్టు."

"నిన్నెవరు పెంచారే?"

అతను మెట్లు దిగి సందు మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి మాలు గిన్నెలు కడిగింది. ఇంజినీరు వెళ్లాక అల్లుడు సంచి విప్పి, తన టోపీ ఒకటి, ఆమెది ఒకటి తీశాడు. రేపు పెద్ద పనికి వచ్చే కూలీలవి మళ్లీ సంచిలో సర్దాడు. మిగిలిన ఒకటి ఎందులో పెట్టాలో తోచక కిటికీ గట్టు మీద ఉంచాడు. దాని గడ్డం పట్టీకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది.