మూట విప్పని చుట్టం

వెనక మరలు విప్పి లోపల చూడనిదే ఎంబ్రాయిడరీ తాత ఏ మిషన్‌నీ కొట్టులోకి రానివ్వడు. మనవరాలు కొట్టు కంప్యూటర్‌లో వేసిన ఆపరేటింగ్ సిస్టంని ఒప్పుకున్నదీ అందుకే. దాన్ని నడిపే కోడ్ రాతంతా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చట. ఆయన నలభై ఏళ్ళుగా గీసిన డిజైన్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అవి పరాయివాళ్ళ చేతిలో పడితే ఆయనకంటూ ఏమీ మిగలదు.

కొత్త మిషన్ అమ్మినాయన వచ్చి, దాన్ని నడపడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా ఆ కంప్యూటర్‌లోనే వేయాలన్నాడు.

"లోపలేముందో చూపిస్తావా బాబూ?"

"కంపెనీ రహస్యం తాతగారూ. నాక్కూడా చూపించరు."

"వంటింట్లోకి వస్తానంటావు, మూట మాత్రం విప్పనంటావు!"

మనవరాలు నవ్వింది. "ఊరికే అనుమానపడకు తాతా. అది లేకపోతే మిషన్ కదలదు."

"అయితే నెట్ తీగ పీకేసి, అప్పుడు వెయ్యవే."

తీగ పీకాక వేస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోనే లేదు. నెట్ ఉంటేనే నడుస్తానంది.

"కుట్టడానికి సూదీ దారం చాలు గదయ్యా, నెట్టెందుకు?"

"లైసెన్స్ చూసుకోడానికండీ."

"లైసెన్సే చూస్తుందో, నా గీతలే చూస్తుందో నీకు తెలుసా?"

అమ్మినాయన తల గోక్కున్నాడు. "తెలీదండీ."

మనవరాలి నవ్వు ఆగిపోయింది. మూలనున్న పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, నెట్ తీగ దానికి తగిలించి, సాఫ్ట్‌వేర్‌ని ఇందులోంచి తీసేసి అందులో వేసింది. ఆ రోజు కుట్టాల్సిన ఒక్క డిజైన్‌ని మాత్రం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి దానికిచ్చింది.

"చుట్టాన్ని వాకిట్లో కూర్చోబెట్టాం, అంతేగా," అన్నాడు తాత. అయినా సాయంత్రందాకా కుర్చీ దాని ఎదుటే వేసుకు కూర్చున్నాడు.