మూటలో వచ్చిన రాయి

యుద్ధంలో మా కరేలియా సీమ శత్రువుల చేతికి పోయి, ఊరు వదిలి పొమ్మన్నప్పుడు అందరూ గిన్నెలూ దుప్పట్లూ మూటకట్టుకున్నారు. నేను ఆవిరిస్నానం చేసే మా సౌనా గది పొయ్యిలోంచి ఒక రాయి తీసి మూటలో వేసుకున్నాను.

"అమ్మా, ఫిన్లాండ్ నిండా రాళ్లే కదే! దాని బదులు ఓ పెనం తెచ్చుకోకూడదూ?" అని నా కొడుకు తాహ్వో తల కొట్టుకున్నాడు.

వాణ్ణి నేను కన్నది ఆ పొయ్యి పక్కనే. నన్ను మా అమ్మ కన్నదీ అక్కడే. అది వాడికి తట్టకపోతే తప్పు నాదా?

పడమటి వైపు కుస్తా అనే రైతు ఇంట్లో మాకు వెనకగది ఇచ్చారు. కుస్తా చెడ్డవాడు కాదు, పిసినారి, అంతే. శనివారం అతని సౌనాలో మా వంతు ఆఖరున వచ్చేది. అప్పటికి పొయ్యి సగం చల్లారిపోయేది. అయినా ఆవిరి కోసం పొయ్యి రాళ్లమీద నేను రెండు గరిటెలు ఎక్కువ నీళ్లు పోస్తే చాలు, బయటినుంచి కేక వినబడేది.

"అవ్వా! అది స్నానమా, దుంపలు ఉడకబెట్టడమా? నా గోడలు నానిపోతున్నాయి!"

తర్వాత ప్రభుత్వం మాకు కుస్తా పొలానికి ఆనుకుని అడవి అంచున కాస్త నేల ఇచ్చింది. అప్పటికి కోడలు హెల్వికి నెలలు నిండుతున్నాయి. ఇల్లు తర్వాత, ముందు సౌనా అన్నాను. మావాళ్లు ఎక్కడికెళ్లినా అంతే. సౌనా కట్టి, అందులోనే తలదాచుకుని, అందులోనే బిడ్డల్ని కని, ఆ తర్వాత తీరిగ్గా ఇల్లు లేపుతారు. తాహ్వో దుంగలు పేర్చాడు. పొగగొట్టం లేని మా పాతరకం సౌనా. పొయ్యిమీద రాళ్ల నడుమ నా రాయి పెట్టాను. పుట్టబోయే బిడ్డ ఆ రాయి వెచ్చదనంలో కళ్లు తెరవాలి. నాకు అంతకుమించి కోరికే లేదు.

జూన్‌లో ఒక పొద్దున మొదటిసారి పొయ్యి వెలిగించాను. తలుపులోంచి, గోడల సందుల్లోంచి పొగ దర్జాగా బయటికొస్తోంది. అలా ఐదారు గంటలు కాలి, మంట ఆరి, పొగంతా పోయాకే లోపలికి వెళ్లేది. ఈలోగా స్నానంలో ఒంటిమీద కొట్టుకునే బిర్చ్ చెట్టు కొమ్మల కోసం అడవిలోకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో కుస్తా! ఒళ్లంతా మసి, కనుబొమలు మాయం, చేతిలో ఖాళీ బకెట్టు.

"కాపాడేశానవ్వా! తగలబడిపోతుంటే ఒక్కణ్ణే ఎనిమిది బకెట్లు పోశాను!"

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! అది తగలబడడం కాదురా, కాగడం!"

"మరి పొగగొట్టమేదీ?"

"ఆ తలుపే!"

"ఇలాంటివి మా తాతలతోనే పోయాయనుకున్నానవ్వా" అని నసిగాడు.

లోపలంతా నల్ల బురద. ఆ చన్నీళ్లకి నా రాయి రెండు ముక్కలై పడి ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. అంతలో తాహ్వో పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, హెల్వికి నొప్పులు!"

కుస్తా వంగి రెండు ముక్కలూ తీసి చొక్కాతో తుడిచాడు.

"మా సౌనా వెలిగిస్తాను. ఇవి మా పొయ్యిమీద పెడదాం. గోడలు మావైనా, ఆవిరి మీదేనవ్వా."

చలికాలానికని దాచుకున్న మంచి కట్టెలన్నీ తెచ్చి పొయ్యిలో కుక్కాడు. మంట ఆరి, గది హాయిగా వెచ్చబడ్డాక హెల్విని లోపలికి తీసుకెళ్లాం. నా రాతి ముక్కలమీద గరిటెడు నీళ్లు పోశాను. సుయ్‌మంటూ ఆవిరి లేచింది. ఆ వాసన అచ్చం మా ఊరి వాసన. సాయంత్రానికి మనవరాలు కేర్‌మంది. ఈసారి నేను ఏడ్చింది మాత్రం సంతోషంతోనే.

"అవ్వా! ఇంకో గరిటె నీళ్లు పొయ్యి!" బయటినుంచి కుస్తా కేక. "గోడల సంగతి నేను చూసుకుంటా!"

వారానికి మా సౌనా ఆరింది. రాయి కోసం వెళితే ఒక్క ముక్కే చేతిలో పెట్టాడు.

"రెండోదేదిరా?"

కుస్తా కనుబొమలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. వాటిని తడుముకుంటూ అన్నాడు.

"పిల్ల మా సౌనాలో పుట్టిందా లేదా? దాని పుట్టింటి వాటా ఇక్కడే ఉంటుంది."

ఆ ముక్క అక్కడే ఉంచి వచ్చాను. ఇప్పుడు ఒక శనివారం మేమందరం వాళ్ల సౌనాకి వెళ్తాం, మరో శనివారం వాళ్లందరూ మా సౌనాకి వస్తారు.