జానెడు శవాల బండి

నేను ఒక శవాల బండిని. కంగారు పడకండి, జానెడుకు మించి ఉండను. బల్లి కంటే పెద్ద ప్రాణిని నాలో పడుకోబెట్టడం ఎవరి తరమూ కాదు.

మామూలు శవాల బండిని కూడా కాను. అమెరికాలో కొందరికి ఒక పిచ్చి ఉంది. పాత కారును తెచ్చి, పైకప్పు కోసి కిందికి దించి, ఇంజను మీది మూత పీకి పారేసి, వెనక లావుపాటి చక్రాలు తొడిగి, ఒళ్ళంతా మంటల బొమ్మలు గీసి, వీధి దద్దరిల్లేలా తిరుగుతారు. వాటిని హాట్ రాడ్‌లంటారు. ఆ పిచ్చి బాగా ముదిరినవాళ్ళు శవాల బండిని కూడా వదల్లేదు. పోయినవాళ్ళకు అంత తొందరేమిటో నాకైతే ఇప్పటికీ బోధపడలేదు. అలాంటి బండికి ఇరవై అయిదో వంతు నమూనాను నేను.

నన్ను చేసింది దేవసహాయం. విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట, అసలు ఓడకు ముందు దాని చెక్క నమూనా చేసే పనిలో ఉండి రిటైరయ్యాడు. గాజువాకలో మేడ మీద రెండు గదుల ఇల్లు. ఆయన, భార్య ఎస్తేరమ్మ, అంతే. పిల్లలు లేరు. ఉద్యోగం వదిలాక కూడా ఆయన చేతులు ఊరుకోలేదు. ఏటా బొమ్మ నమూనాల ఎగ్జిబిషన్‌కు ఓ ఓడో పడవో చేసి పట్టుకెళ్ళేవాడు. ఆ ఏడు మాత్రం ఓడలంటే మొహం మొత్తింది.

ముక్కలు అతికించి బొమ్మ చేసుకునే కిట్లు అమ్ముతారు కదా, నా ఒళ్ళు ఒక కారు కిట్టుది, ఇంజను ఇంకో లారీ కిట్టుది. వెనక పొడవాటి గది ఏ కిట్టులోనూ లేదు కనుక ప్లాస్టిక్ రేకును వేడినీళ్ళలో ముంచి ఆయనే వంచాడు. మూడు రేకులు పాడుచేశాక నాలుగోది లొంగింది. పొగగొట్టాలకు సోల్డరు తీగ, ఇంజను వైర్లకు టెలిఫోను తీగలోని పోగులు. నల్లరంగు ఒక పూత వేయడం, ఆరాక తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, మళ్ళీ వేయడం. నునుపు తేలేసరికి నాకే విసుగొచ్చింది. లోపల పెట్టడానికి టేకుముక్కతో ఒక పెట్టె కూడా చెక్కాడు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, మంచి పనే.

ఎస్తేరమ్మ మొదటిసారి నన్ను చూసి నవ్వింది.

"ఓడలు చేసీవారు, పడవలు చేసీవారు. ఇప్పుడిదేటండీ?"

"ఎవరూ చెయ్యనిది చెయ్యాలి కదా."

"ఎవరూ ఎందుకు చెయ్యరో కూడా ఆలోచించాల కదా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటికి నేనంటే ఇంట్లో ఎవరికీ భయం లేదు.

తర్వాత ఆవిడ రొమ్ములో గడ్డ కనిపించింది. ఆస్పత్రిలో సూదితో ముక్క తీశారు. అది కేన్సరో కాదో తేలడానికి వారం పైనే పడుతుందన్నారు. ఇంటికొచ్చాక ఇద్దరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకుంటే ఒట్టు. ఆవిడ వంట చేసింది, ఆయన తిన్నాడు. బీరకాయలు ముదిరిపోయాయని మాట్లాడుకున్నారు. కింద వాటాలో మోటారు పాడైందని మాట్లాడుకున్నారు.

ఆయన నన్ను వదల్లేదు సరికదా, మరింత పట్టుకున్నాడు. పొద్దున్నే లేచి నా పక్కల మీద సన్నకుంచెతో మంటలు గీసేవాడు. ఆవిడ మాత్రలు వేసుకుని పారేసిన రేకును గోటితో సాపు చేసి, సన్నగా కోసి, నా కిటికీల చుట్టూ మెరిసే అంచులా అతికించాడు. ఆవిడ అది చూసింది. చూసి ఊరుకుంది. దీన్ని తీసేయండి అంటే ఎందుకో చెప్పాలి. చెబితే చావు మాట ఆవిడ నోట రావాలి. మనుషులకు నోరిచ్చింది ఎందుకో నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.

ఆ వారంలోనే చర్చి సంఘంలోని ఆడవాళ్ళు ఆవిడ కోసం ప్రార్థన చేస్తామని కబురు పెట్టారు. దేవసహాయం కంగారుపడ్డాడు, నేనున్నది వాళ్ళు కూర్చునే ముందుగదిలోనే, బల్ల మీద. రంగు పచ్చిగా ఉంది, నన్ను కదిపితే చెడుతుంది. ఈగలు వాలకుండా కూర గిన్నెల మీద బోర్లించే జాలీ మూత తెచ్చి నా మీద పెట్టి, దానిమీద లేసు గుడ్డ కప్పాడు. తెలివైన పని చేశాననుకుని బయట వరండాలో కూర్చున్నాడు.

ఆడవాళ్ళు వచ్చారు. పాట పాడారు, కన్నీళ్ళతో ప్రార్థించారు. లేసు గుడ్డ కింద గుండ్రంగా కప్పి ఉన్నది కేకు కాక మరేమవుతుంది? ఎస్తేరమ్మ టీ కాచుకు వచ్చేలోగా సాయం చేద్దామని పాస్టరమ్మగారు చాకు చేతిలో పట్టుకుని మరీ మూత ఎత్తారు.

నల్లగా మెరుస్తూ, ఒళ్ళంతా మంటలతో, వెనక పెట్టెతో నేను. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఒకావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇదేటమ్మా ఎస్తేరూ," అన్నారు పాస్టరమ్మగారు మెల్లగా. "ఇంట్లో ఇలాటిది పెట్టుకుని మనం దేవుణ్ణి ఏటని అడుగుతాం?"

టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ ఎస్తేరమ్మ, వరండాలో తల వంచుకున్న మొగుణ్ణి ఒకసారి చూసింది.

"నేనే చెయ్యమన్నానండి అమ్మగారూ. ఎగ్జిబిషన్‌కి," అంది.

అబద్ధం. అయినా ఎంత తేలిగ్గా చెప్పిందంటే, నేను కూడా ఒక క్షణం నమ్మాను. టీలు తాగి వాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళు మెట్లు దిగీ దిగకముందే దేవసహాయం సుత్తి తెచ్చాడు. నన్ను నేలమీద పెట్టాడు. అప్పటిదాకా నా గురించి నాకు పెద్ద బెంగ లేదు, అప్పుడు మాత్రం కలిగింది.

"దాన్నెందుకు కొడతన్నారు?" అంది ఎస్తేరమ్మ.

"ఇది ఇంట్లో ఉండకూడదు. ముందే తీసీవలసింది."

"ఇది పగిల్తే నా గడ్డ కరిగిపోద్దా?"

సుత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత సుత్తిని కింద పెట్టేశాడు.

"నాకు భయంగా ఉంది ఎస్తేరూ," అన్నాడు. "నువ్వెళిపోతే నేనేటి చెయ్యాలో తెలీట్లేదు. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కిపోతంది. అందుకే దీన్ని పట్టుకు కూర్చుంటన్నాను."

"నాకూ భయమేనండి. ఆ మాట మీరంటే నేనూ అందామని చూస్తన్నాను."

ఇద్దరూ నేలమీదే కూర్చుని ఏడ్చారు, నేను వాళ్ళ మధ్య ఉన్నాను. కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, నన్ను ఎత్తి అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది.

"ముందర ఒకటే సీటుందేటి?"

"ఆ పక్కన గేరుబాక్సు వస్తాది. అంత ఇంజనుకి అంత గేరుబాక్సు ఉండాలి."

"వెనకాల నేనుంటే, మీరెక్కడ కూర్చుంటారు మరి?"

ఆయన తల వంచి ఆ ఒక్క సీటు వైపు చూశాడు.

"తోలీవోడు ఎవడో ఏటో. వోడొక్కడి చేతిలో పెట్టి నన్ను పంపించీకండి. పక్కన మీరు కూర్చోండి," అంది.

మర్నాడు ఆయన నా గేరుబాక్సును చాకుతో కోసి తీసేశాడు. ఇంజనీరింగు లెక్కలో నేను ఆ రోజే చచ్చాను. గేరుబాక్సు లేని బండి గుమ్మం కూడా దాటదు. ఆ చోట ఒక సీటు కట్టి, ఆవిడ ఎర్ర జాకెట్టు ముక్క తొడిగాడు. కుట్టు ఆవిడే వేసింది, కళ్ళద్దాలు పెట్టుకుని, దారం మూడుసార్లు తెంపుకుని.

రిపోర్టు వచ్చింది. కేన్సరే. కానీ అది గడ్డ దాటి పాకలేదన్నారు. ఎడమ రొమ్ము తీసేశారు, మందులు ఎక్కించారు, ఆవిడ జుట్టంతా ఊడిపోయింది. ఆ నెలల్లో నా మీద దుమ్ము పేరుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజుల్లో ఇద్దరూ చావు గురించి, వాంతుల గురించి, సాంబారులో ఉప్పు గురించి ఒకే గొంతుతో మాట్లాడుకునేవారు.

ఎగ్జిబిషన్‌కు ఇద్దరూ కలిసి నన్ను తీసుకెళ్ళారు. ఆవిడ తలకు రుమాలు కట్టుకుంది. బహుమతులు తేల్చే కుర్రాయన టార్చి వేసి నా లోపలంతా చూశాడు.

"పని అద్భుతంగా ఉందండీ. కానీ ఈ ఇంజనుకి గేరుబాక్సు ఇక్కడికి రావాలి కదా. సీటుకి చోటెక్కడిది?"

"తెలుసండి," అన్నాడు దేవసహాయం.

"తెలిసే తప్పు చేశారా?"

"తెలిసే."

కుర్రాయన కాగితం మీద ఏదో కొట్టేశాడు. బహుమతి ఒక యుద్ధనౌకకు వెళ్ళింది. దాని రంగు నాకంటే నాసిరకం. ఈ మాట అసూయతో అనడం లేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో ఎస్తేరమ్మ అంది, "నా వల్ల మీ ప్రైజు పోయింది."

"పోతే పోయింది. నువ్వు నా వైపు జరుగు, ఆ చివర గాలి తగుల్తంది," అన్నాడు.

ఆవిడ ఎడమ చెయ్యి ఇంకా సరిగా లేవదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో పొదివి పట్టుకుంది. గుంతలు వచ్చినచోటల్లా చెయ్యి ఇంకాస్త బిగించింది. మనుషుల్ని మోయడం మా జాతి పని. నన్ను ఒక మనిషి ఇలా ఒళ్ళో మోయడం అదే మొదలు. గాజువాక వచ్చేదాకా ఆవిడ నన్ను కింద పెట్టలేదు.